ఆస్ట్రేలియా జంతువుల వంశక్రమం – అణుజీవశాస్త్ర పరిశోధనల చరిత్ర

ఆస్ట్రేలియా, టాస్మేనియా, న్యూగినీల దేశీయ జంతువుల్లో ఏది దేనికి దగ్గరి చుట్టమో ప్రోటీన్లు, డీఎన్‌ఏల ఆధారంగా తేల్చే పరిశోధన 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో సీరం పరీక్షలతో మొదలైంది. 1960ల తర్వాత ఊపందుకుని, ఇప్పుడు పూర్తి జీనోములను పోల్చే దశకు చేరింది. సుమారు మూడున్నర కోట్ల ఏళ్ళ క్రితం అంటార్కిటికాతో తెగతెంపులైన తర్వాత ఈ ఖండం చాలాకాలం ఒంటరిగా ఉండిపోయింది. మిగతా చోట్ల తోడేళ్ళు, ఎగిరే ఉడుతలు, చీమలు తినే జంతువులు ఎలా బతికాయో ఇక్కడ సంచి జంతువులు (మార్సూపియల్స్) అలా బతికాయి. బతుకుతెరువు ఒకటైనచోట ఒంటి తీరూ ఒకటయింది. శాస్త్రజ్ఞులు దీన్ని అభిసారి పరిణామం అంటారు. ఎముకలు, పళ్ళు చూసి చుట్టరికం కట్టే పాత పద్ధతి ఆస్ట్రేలియాలో పదేపదే తడబడింది ఇందుకే.

సీరం పరీక్షలు

1799లో జార్జ్ షా ప్లాటిపస్‌ను వర్ణించిన నాటి నుంచి మరో వందేళ్ళ పాటు వర్గీకరణ అంతా చర్మాలు, పుర్రెలు, పళ్ళ వరసల మీదే నడిచింది. రక్తాన్ని సాక్ష్యంగా తెచ్చిన ఘనత కేంబ్రిడ్జిలో పనిచేసిన జార్జ్ నటాల్‌ది. ఆయన గ్రంథం 1904లో వెలువడింది. ఒక జంతువు సీరాన్ని కుందేలుకు ఎక్కిస్తే కుందేలు రక్తంలో దానికి ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఆ కుందేలు సీరాన్ని ఇంకో జంతువు సీరంతో కలిపినప్పుడు తెల్లటి మడ్డి ఎంత ఎక్కువగా పేరుకుంటే ఆ రెండు జంతువులూ అంత దగ్గరివన్నమాట. నటాల్ పరీక్షించిన రక్తాల్లో సంచి జంతువులవీ ఉన్నాయి. ఆ తర్వాతి యాభై ఏళ్ళలో ఆస్ట్రేలియా జంతువుల మీద ఈ దారిలో జరిగిన పని తక్కువ.

ఈ సీరం పద్ధతిని ఆస్ట్రేలియా జంతుజాలానికి ఓపికగా వర్తింపజేసినవాడు జాన్ కిర్ష్. అమెరికన్ అయిన ఈయన పెర్త్‌లోని పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, 1968లో ‘నేచర్’లో తొలి ఫలితాలను, 1977లో సంచి జంతువుల తులనాత్మక సీరం అధ్యయనాన్ని పూర్తి గ్రంథంగా ప్రచురించాడు. చెట్టు దిగని కోవాలాకు నేల తవ్వే వాంబాట్ దగ్గరి బంధువని ఆయన పరీక్షలు బలంగా సూచించాయి. పూల తేనె, పుప్పొడి మీద బతికే హనీ పోసమ్ మాత్రం ఎవరి పక్కనా ఇమడలేదు. దాన్ని ఆయన విడిగా నిలబెట్టాడు. తర్వాత వచ్చిన డీఎన్‌ఏ ఫలితాలతో పోల్చినప్పుడు మడ్డి చూసి చెప్పిన ఈ తీర్పులు ఎంత బాగా నిలిచాయో తెలుస్తుంది.

ఇదే కాలంలో న్యూజిలాండ్‌లో పుట్టిన అలన్ విల్సన్, ఆయన సహచరుడు విన్సెంట్ సారిచ్ అమెరికాలోని బర్క్లీలో రక్తంలోని అల్బుమిన్ అనే ఒక్క ప్రోటీన్‌ను పట్టుకున్నారు. అల్బుమిన్ దాదాపు నిలకడైన వేగంతో మారుతుంది కాబట్టి రెండు జంతువుల మధ్య తేడాను కొలిస్తే అవి ఎప్పుడు విడిపోయాయో కూడా అంచనా వేయవచ్చని 1967లో వాదించారు. అడిలైడ్‌లోని సౌత్ ఆస్ట్రేలియన్ మ్యూజియంలో పీటర్ బావర్‌స్టాక్ బృందం ఈ పద్ధతిని ఎలుకలు, సంచి జంతువుల మీద విస్తృతంగా ప్రయోగించింది. కాలేయం ముక్కను నూరి, జెల్ మీద వేసి, విద్యుత్తు పంపి ప్రోటీన్ గీతలను చూసే ఎలక్ట్రోఫోరెసిస్ మీద రిచర్డ్‌సన్, బావర్‌స్టాక్, ఆడమ్స్ 1986లో ప్రచురించిన కరదీపిక ఈ రంగంలో బాగా వాడుకలోకి వచ్చింది. పైకి ఒకేలా కనిపించే జీవులు నిజానికి రెండు మూడు జాతులని ఈ గీతలే చాలాసార్లు బయటపెట్టాయి.

థైలసీన్ వివాదం

ఈ చరిత్రలో ఎక్కువ పేజీలు ఆక్రమించిన జంతువు థైలసీన్. టాస్మేనియన్ పులి, టాస్మేనియన్ తోడేలు అని రెండు పేర్లున్నా అది పులీ కాదు, తోడేలూ కాదు. వీపు మీద చారలు, కుక్క తల, కడుపున సంచి. చివరిది 1936 సెప్టెంబర్ 7న హోబార్ట్ జూలో చనిపోయింది. దాని పళ్ళు, తుంటి ఎముకలు దక్షిణ అమెరికాలో శిలాజాలుగా దొరికిన బోర్‌హయెనిడ్ అనే మాంసాహారులను పోలి ఉన్నాయని 20వ శతాబ్దం మొదట్లోనే ఒక వాదన పుట్టింది. అది నిజమైతే థైలసీన్ బంధువులు ఆస్ట్రేలియాలో కాదు, దక్షిణ అమెరికాలోని పటగోనియాలో ఉండాలి. పళ్ళ వాళ్ళు ఒకవైపు, మిగతావాళ్ళు ఇంకోవైపు నిలబడి ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోయారు.

1981లో జెరోల్డ్ లోవెన్‌స్టీన్, సారిచ్, రిచర్డ్‌సన్‌లు మ్యూజియం నమూనాలోని ఎండిన కణజాలంలో మిగిలిన అల్బుమిన్‌ను రేడియోధార్మిక పద్ధతిలో పరీక్షించారు. అది టాస్మేనియన్ డెవిల్, క్వోల్‌ల కుటుంబమైన డాస్యూరిడ్‌లకు దగ్గరగా వచ్చింది. ఎనిమిదేళ్ళకు, కొద్దిపాటి డీఎన్‌ఏను లెక్కలేనన్ని ప్రతులుగా పెంచే, అప్పటికి కొత్తదైన పీసీఆర్ పద్ధతి చేతికొచ్చాక, రిచర్డ్ థామస్, వాల్టర్ షాఫ్నర్, విల్సన్, స్వాంటే పాబోలు మ్యూజియం నమూనాల నుంచి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ముక్కలను చదివి అదే తీర్పు చెప్పారు. థైలసీన్ ఆస్ట్రేలియా మాంసాహారులతోనే చేరింది. దక్షిణ అమెరికా పోలిక అభిసారి పరిణామం ఫలితమే. 2022లో నోబెల్ అందుకున్న పాబో ప్రాచీన డీఎన్‌ఏ పనిలో ఇది తొలి మెట్లలో ఒకటి. 1992లో కేరీ క్రాయెవ్‌స్కీ బృందం సైటోక్రోమ్-బి జన్యువుతో దీన్ని ఖాయం చేసింది.

2009లో వెంట్రుకల నుంచి పూర్తి మైటోకాండ్రియా జీనోమ్ వచ్చింది. 2017 చివర్లో మెల్‌బోర్న్‌కు చెందిన ఆండ్రూ పాస్క్ బృందం, 1909లో సేకరించి ఆల్కహాల్‌లో భద్రపరచిన సంచిలోని పసికూన నుంచి కేంద్రక జీనోమ్‌ను ప్రకటించింది. కుక్క తలను, థైలసీన్ తలను అంత దగ్గర చేసిన మార్పులు ప్రోటీన్లను తయారుచేసే జన్యువుల్లో కనిపించలేదు. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో నడిపించే భాగాల్లో ఉండవచ్చన్నది వాళ్ళ అభిప్రాయం. మనిషి వేట మొదలుకాక ముందే ఈ జాతిలో జన్యు వైవిధ్యం సన్నగిల్లిందని కూడా తేలింది. 2023లో స్వీడన్ మ్యూజియంలోని సుమారు 130 ఏళ్ళ నాటి నమూనా నుంచి ఆర్‌ఎన్‌ఏను కూడా రాబట్టారు.

పాటపిట్టలు

పక్షుల విషయంలో అభిప్రాయం ఇంకా గట్టిగా పాతుకుపోయింది. ఆస్ట్రేలియా పిట్టలు ఆసియా నుంచి విడతలు విడతలుగా వలస వచ్చాయన్నది ఎర్న్‌స్ట్ మయర్ వంటి పెద్దల మాట. చెట్టెక్కే పిట్ట కనబడితే యూరప్ చెట్టెక్కే పిట్టల కుటుంబంలో, బుల్లి తోక నిగిడ్చే పిట్ట కనబడితే రెన్‌ల కుటుంబంలో చేర్చేవారు.

యేల్ విశ్వవిద్యాలయంలో చార్ల్స్ సిబ్లీ ముందు గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్లను పోల్చి, అది చాలక జాన్ ఆల్క్విస్ట్‌తో కలిసి డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్‌కు మళ్ళాడు. పద్ధతి మొరటుదే, కానీ తెలివైనది. డీఎన్‌ఏను వేడిచేస్తే రెండు పోగులూ విడిపోతాయి. ఒక జాతి పోగులను ఇంకో జాతి పోగులతో కలిపి చల్లారనిస్తే సంకర జంటలు ఏర్పడతాయి. వాటిని 60 డిగ్రీల సెల్సియస్ నుంచి 95 దాకా రెండున్నర డిగ్రీల చొప్పున మళ్ళీ వేడిచేస్తూ ఎంత ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని విడిపోయాయో లెక్కపెట్టాలి. పొంతన లేని అక్షరాలు ఎక్కువైతే జంట త్వరగా ఊడిపోతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే సుమారు ఒక శాతం తేడా ఉన్నట్టు లెక్క.

1985లో వాళ్ళు ప్రకటించిన ఫలితం పక్షిశాస్త్రజ్ఞులను కుదిపేసింది. లైర్‌బర్డ్‌లు, హనీఈటర్లు, ఫెయిరీ రెన్‌లు, ఆస్ట్రేలియా చెట్టెక్కే పిట్టలు తమలో తామే చుట్టాలు. యూరప్ పిట్టలతో పోలిక పైపైదే. సిబ్లీ లెక్కల సవరణల మీద, ముఖ్యంగా కోతులు, మనుషుల డీఎన్‌ఏ విషయంలో, తర్వాత తీవ్ర విమర్శలు వచ్చాయి. పాటపిట్టలను రెండు సమానమైన శాఖలుగా చీల్చడమూ నిలవలేదు. అసలు సంగతి మాత్రం చెక్కుచెదరలేదు. 1991లో లెస్ క్రిస్టిడిస్, రిచర్డ్ షాడ్‌లు ప్రోటీన్ల ఆధారంగా ఇంకో అడుగు ముందుకేసి, పాటపిట్టల మూలమే ఆస్ట్రేలియా కావచ్చన్నారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2002, 2004లలో కీత్ బార్కర్, పెర్ ఎరిక్సన్ బృందాలు కేంద్రక జన్యువులను చదివాక ఆ మాటే నిలిచింది. లైర్‌బర్డ్, స్క్రబ్‌బర్డ్‌లు పాటపిట్టల వంశవృక్షంలో మొట్టమొదట విడిపోయిన కొమ్మ. మిగతావి ఇండోనేషియా దీవుల మీదుగా ఆసియాకు, అక్కడి నుంచి లోకమంతటికీ పాకాయి. ఈ వలస సుమారు 2.3 కోట్ల ఏళ్ళ క్రితం మొదలైందని 2016 నాటి ఒక అధ్యయనం అంచనా. మన కాకి, పిచ్చుక, గోరింక, గొడ్ల వీపు మీద సవారీ చేసే పసులపోలిగాడు అన్నిటి పూర్వీకులూ ఆస్ట్రేలియావే.

గోండ్వానా బంధుత్వాలు

ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలు ఒకప్పుడు గోండ్వానా అనే మహాఖండంలో కలిసి ఉండేవి. చిలీ, అర్జెంటీనా అడవుల్లో ఉండే డ్రోమిసియోప్స్ అనే చిన్న సంచి జంతువు చీలమండ ఎముకలు ఆస్ట్రేలియా వాటిలా ఉన్నాయని 1982లో ఫ్రెడరిక్ సలే చెబితే నమ్మినవాళ్ళు తక్కువ. 1991లో కిర్ష్, ఆయన సహచరులు హైబ్రిడైజేషన్‌తో ఆ బంధుత్వాన్ని సమర్థించారు. అయితే దాన్ని కంగారూ వంశం పక్కనే పెట్టారు. 2010లో మరియా నిల్సన్ బృందం జీనోములో చొరబడి స్థిరపడిన రెట్రోపోసాన్లు అనే డీఎన్‌ఏ ముక్కలను గుర్తులుగా తీసుకుని లెక్క సరిచేసింది. ఆస్ట్రేలియా సంచి జంతువులన్నీ ఒకే కుటుంబం, డ్రోమిసియోప్స్ ఆ కుటుంబానికి బయట నిలిచిన దగ్గరి బంధువు.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కదాన్నే నమ్మితే దారి తప్పే ప్రమాదమూ ఉంది. గుడ్లు పెట్టే ప్లాటిపస్, సంచి జంతువులు ఒకే శాఖవని 1990లలో ఆక్సెల్ యాంకె బృందం ఆ డీఎన్‌ఏతోనే వాదించింది. కేంద్రక జన్యువులు దాన్ని కొట్టివేశాయి. న్యూసౌత్‌వేల్స్‌లో దొరికిన గ్లెన్నీ అనే ఆడ ప్లాటిపస్ జీనోమ్ 2008లో వచ్చింది. మిగతా క్షీరదాల నుంచి దాని వంశం సుమారు 16.6 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయిందని అందులో అంచనా వేశారు. 2021లో ఎకిడ్నాతో కలిపి మెరుగైన జీనోమ్ వెలువడింది.

ఇతర జంతువులు

సముద్ర సర్పాలు ఆస్ట్రేలియా నేల పాముల వంశంలోనివని, అవి మన నాగు, కట్లపాములకు దూరపు దాయాదులని ప్రోటీన్లు, డీఎన్‌ఏ రెండూ చెప్పాయి. క్వీన్స్‌లాండ్ ఊపిరితిత్తి చేప జీనోమ్ మనిషి జీనోమ్‌కు సుమారు 14 రెట్లు. డింగో కుక్కల మైటోకాండ్రియా డీఎన్‌ఏ తూర్పు ఆసియా వైపు చూపిస్తుందని 2004లో తేలింది. దక్షిణ భారత ద్రావిడ భాషీయుల నమూనాలతో చేసిన 2013 అధ్యయనం ఒకటి, సుమారు 4,200 ఏళ్ళ క్రితం మనవైపు నుంచి మనుషులు వెళ్ళారని, డింగో వాళ్ళతోనే వచ్చి ఉండవచ్చని ఊహించింది. 2016లో వై క్రోమోజోముల అధ్యయనం ఆ వలసను సమర్థించలేదు.

చెట్ల మధ్య గాలిలో తేలుతూ సాగే సంచి జంతువు గ్రేటర్ గ్లైడర్ ఒక జాతి కాదు, మూడని 2020లో డీఎన్‌ఏ ద్వారా నిర్ధారించారు. ఇసుకలో ఈదినట్టు సాగే, కళ్ళు పనిచేయని మార్సూపియల్ మోల్ వంశం చాలాకాలం ఎవరికీ అంతుచిక్కలేదు. 2025లో వెలువడిన దాని జీనోమ్ ఆ జంతువును బాండికూట్‌లు, బిల్బీల పక్కన చేర్చింది.