ఋతువుతో చెరుగు పదవులు



ఆటలో గెలుపోటములను లెక్కించుట అనాదిగా నున్నదే. గెలిచినవానికి బిరుదు నొసగుటయు క్రొత్త కాదు. కాని గెలిచి సంపాదించిన పదవిని నియమిత కాలమున ఆట నడపువారే చెరిపివేసి, అందరిని మరల మెట్లెక్కుడని యాజ్ఞాపించుట మాత్రము మన కాలపు వింత. కంప్యూటరులలోను, సెల్‌ఫోనులలోను పిల్లలాడు యుద్ధక్రీడలందు ఈ యాచారము వేళ్లూనినది. ఆ గడువును వారు సీజను అందురు. మన మాటలో ఋతువు. గడువు తీరగానే పదవి దిగజారుటకు రీసెట్ అని పేరు. ఈ యాచారము ఎట్లు పుట్టినది, ఎవరి మేలునకు నడచుచున్నది అను విషయమును మీకు మనవి చేయదలచితిని.

ఇది పెద్దల చెవిని బడవలసినదే. రాత్రి రెండు జాములైనను మనుమడు నిద్రింపక, ‘సీజను రేపటితో ముగియును తాతా, ఇంక రెండాటలు’ అనుట నేడు అనేక గృహములలో వినబడు మాట. పెద్దలు కోపింతురు; బాలుడు వగచును. ఇరువురి నడుమనున్న యీ సీజను స్వరూపము తెలియనిచో తగవు తీర్చుట కష్టము.

మన వైకుంఠపాళిని అందరు నెరుగుదురు. నిచ్చెన దొరికినవాడు పైకెక్కును. పాము నోట బడినవాడు క్రిందికి జారును. అయితే ఆ పాము పటముపై అందరికిని కనబడుచునే యుండును. ఎవని పందెము వానిని అచ్చటికి జేర్చునో వానినే మ్రింగును. ఈ నూతనక్రీడల పాము పటముపై లేదు, పంచాంగములో నున్నది. తేది రాగానే గెలిచినవానిని ఓడినవానిని ఒక్కమారుగా మ్రింగును.

ఇట్టి పాము లేని లెక్క యొకటి ముందుగా పుట్టినది. హంగరీ దేశమున 1903లో జన్మించి, బాల్యముననే అమెరికాకు జేరిన అర్పాద్ ఎలో అనునతడు మిల్వాకీ నగరమున భౌతికశాస్త్రాచార్యుడు, చదరంగమునందు నిపుణుడు. ఆటగాని సామర్థ్యమును ఒక అంకెగా నిర్ణయించు పద్ధతిని అతడు కుదిర్చెను. బలవంతుని గెలిచినచో అంకె మిక్కిలి పెరుగును. బలహీనుని గెలిచినచో కొంచెమే పెరుగును. ఇరువురి నడుమ 200 అంతరమున్నచో పైవాడు 100 ఆటలకు సుమారు 76 ఆటల ఫలమును పొందునని ఆ లెక్క చెప్పును. అమెరికా చదరంగ సంఘము 1960లోను, అంతర్జాతీయ సమాఖ్య 1970లోను దీనిని స్వీకరించినవి. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2007లో 2600 దాటుటయు, వరంగల్లు వాడైన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు పట్టికలో 2800 దాటుటయు ఈ లెక్క ననుసరించియే. సంవత్సరము మారినదని వారి అంకెను ఎవరును చెరుపరు. ఆటలలో ఆశించినదానికన్న తక్కువ ఫలము పొందినప్పుడే అది తగ్గును.

ఇంత న్యాయమైన లెక్కలోను లోప మొకటి కలదు. ఉన్నతస్థానమునకు జేరినవాడు ఓటమికి భయపడి ఆడుట మానివేయవచ్చును. అతని పేరు మాత్రము పైననే నిలుచును. కంప్యూటరు ఆటలలో లక్షలాది జనులు వచ్చుచు పోవుచుందురు. విడిచిపోయినవారి పేర్లే పై మెట్లను ఆక్రమించినచో, నిన్న వచ్చిన బాలునకు ఆశ యెక్కడిది? ఈ చిక్కును విప్పుటకే ఋతువు ఏర్పడినది. కావున ఈ యాచారపు మొదటి వేరు న్యాయముననే నాటుకొన్నదని యొప్పుకొనవలయును.

కాలిఫోర్నియాలోని బ్లిజర్డ్ సంస్థవారు 1998లో స్టార్‌క్రాఫ్ట్ అను వ్యూహక్రీడను వెలువరించిరి. అది దక్షిణకొరియాలో టెలివిజనులో ప్రసారమగునంతటి ప్రసిద్ధి నందెను. దాని రెండవ భాగము 2010 జూలైలో వచ్చినది. అందు ఆటగాండ్రను కంచు, వెండి, బంగారము, ప్లాటినము, వజ్రము అని ఐదు తరగతులుగా విభజించిరి. అంతకు పై తరగతులు పిదప చేరినవి. క్రొత్తవాడు 5 ఆటలాడిన పిమ్మట అతని తరగతి నిర్ణయమగును. 2011లో మొదటి ఋతువు ముగిసి, పట్టిక మరల మొదలాయెను.

ఇచ్చట గమనింపవలసిన రహస్యము కలదు. ఎవరితో ఎవరిని పోరాడింపవలయునో నిర్ణయించుటకు కంప్యూటరు లోలోపల వేరొక అంకెను దాచియుంచును. అది ఎలోగారి లెక్క వంటిదే. కాలిఫోర్నియాలోని రయట్ సంస్థవారి లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను ఆట 2009 అక్టోబరులో వచ్చినది. ఐదుగురు ఐదుగురితో తలపడుదురు. మొదట అందు అంకె అందరికిని కనబడెడిది. 2013 నుండి అంకెను మరుగుపరచి, కంచు మొదలైన బిరుదులను పైకి చూపిరి. ఋతువు మారినప్పుడు దిగజారునది ప్రధానముగా ఈ బిరుదే. లోపలి అంకెను కొన్ని యాటలలో నడిమికి కొంత లాగుదురే గాని తుడిచివేయరు. వర్తకుడు క్రొత్త పుస్తకము తెరచి, పాత నిలువను మొదటి పుటలో ఎత్తి వ్రాసికొనునట్టిదే యిది. పుస్తకము క్రొత్తది, పద్దు పాతదే. కావున నిపుణుడైన బాలుడు ఋతువు మొదట తానిదివరకే ఎక్కిన మెట్లను మరల ఎక్కుటకే ఎన్నో రాత్రులు వెచ్చించును.

ఇక రెండవ వేరు వర్తకమున నాటుకొన్నది. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ నాలుగవ భాగము తుపాకుల ఆట. అందు 55వ మెట్టు చేరినవాడు ఇష్టమైనచో సంపాదించిన ఆయుధములన్నియు వదలుకొని, ఒక చిహ్నమును మాత్రము ధరించి, మొదటి మెట్టునకు రావచ్చును. అది స్వచ్ఛందత్యాగము, గడువు లేదు. పదేండ్లకు ఈ తీరు మారినది. అమెరికాలోని ఎపిక్ సంస్థవారి ఫోర్ట్‌నైట్ 2017 సెప్టెంబరులో ఉచితముగా ఆడనిచ్చిన ఆట. ఆడుటకు రుసుము లేనప్పుడు సంస్థకు రాబడి ఎట్లు? ఆ డిసెంబరులో, రెండవ ఋతువునందు, వారు ఒక పాసును అమ్మిరి. పాసు కొన్నవాడు ఋతువు ముగియులోపల తగినంత ఆడినచో వేషములు, అలంకారములు లభించును; ఆడనిచో గడువుతో పోవును. ఇచ్చట ఋతువు న్యాయము కొరకు వచ్చినది కాదు. తిరిగి తిరిగి రప్పించుటకు కట్టిన గడియారము.

ఆ గడియారము ఎంత బలమైనదో 2019 అక్టోబరు 13న లోకము చూచినది. ఋతువు చివర ఆటలోని దీవి యంతయు ఒక నల్లని బిలములో మునిగిపోయెను. రెండు దినములు ఆడుటకేమియు లేక, లక్షలాది జనులు ఆ నల్లని బిలమునే చూచుచు నిలిచిరి. 15వ తేదిన క్రొత్త దీవి వెలసినది. పోయిన దీవిపై మమకారము, రానున్న దానిపై కుతూహలము, రెండును వర్తకమునకు పెట్టుబడులైనవి. అదే సంస్థ 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘముతో రాజీపడి 52 కోట్ల డాలర్లు చెల్లించుట కంగీకరించినది. ఆ తగవు ఋతువులను గూర్చినది కాదు. పిల్లల సమాచారమును సేకరించిరనియు, బొత్తాముల అమరికచే కోరని కొనుగోళ్లు చేయించిరనియు అభియోగము. అయినను తెరమీది అమరిక బాలుని చేతిని ఎట్లు నడిపింపగలదో దానివలన తెలియును.

మన దేశమున పబ్‌జీ అను తుపాకుల ఆట ఫోనులలో వ్యాపించి, 2020 సెప్టెంబరు 2న నిషిద్ధమాయెను. దాని స్థానమున కొరియా సంస్థయైన క్రాఫ్టాన్ 2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను తెచ్చినది. 2022 జూలైలో అదియు నిలిచి, 2023 మే నెలలో మరల వచ్చెను. అందును కంచు మొదలు కాంకరర్, అనగా విజేత, వరకు పదవులు కలవు. ఋతువు ముగియగానే ఆటగాడు కొన్ని మెట్లు దిగవలసినదే. మన మనుమలు చెప్పు సీజను సాధారణముగా ఇట్టిదే.

ఈ గడువులు దైవనిర్ణయములు కావు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ నడపువారు 2024లో ఏడాదికి మూడుమారులు పదవులను మరల మొదలిడిరి. 2025లో ఒక్కమారునకే తగ్గించిరి. మనుష్యులు పెట్టిన గడువు గనుక మనుష్యులే మార్చగలరు. ఇంటిలో మనము దానికి లోబడవలసిన పనియు లేదు.

బడిలో చిరకాలము పాఠము చెప్పినవాడను గనుక ఒక పోలిక చెప్పెదను. బడిలోను ఏటేట మార్కులు సున్న నుండియే మొదలగును. నిరుడు వెనుకబడినవానికి అది ఊపిరి. మొదటివాడుగా నిలిచినవానికి హెచ్చరిక. అందు దోషము లేదు, ఏలయన మార్కులు పోయినను నేర్చిన యక్షరము పోదు. ఆటను గూర్చియు బాలుని ఇట్లే యడుగవలయును: పదవి చెరిగిన పిదప నీయందు మిగిలినదేమి? స్నేహితులతో కలసి ఆలోచించు నేర్పు మిగిలినదనునో, మేలు. కన్నుల మంటయు, గడువు భయమును మాత్రమే మిగిలినవో, ఆ ఋతువు వానిది కాదు, అమ్మువానిది.

ఇక పెద్దలకు ఒక విన్నపము. ఈ యాటలలో నలుగురు జట్టుగా పోరాడుదురు; ఒక్కొక్క పోరు సుమారు అరగంట నడచును. నడుమ ఫోను లాగికొన్నచో తోడివారును నష్టపోదురు. బాలుడు దానిని అన్యాయమనియే తలచును. కావున ‘ఈ పోరు ముగియగానే నిద్రింపుము’ అని ముందుగానే మాట తీసికొనుడు. వాడు మాట నిలుపుకొన్న దినమున మెచ్చుకొనుడు. ఆ మెప్పును ఏ ఋతువును చెరుపజాలదు.