గొంతులో ముల్లు గుచ్చినట్లుందా? ఎముక కావచ్చు!

చందానగర్: మింగినప్పుడల్లా గొంతులో ఒకవైపు ముల్లు గుచ్చుకున్నట్లుండటం, మెడ తిప్పితే నొప్పి చెవిదాకా పాకడం ఈగల్ సిండ్రోమ్ లక్షణాలు. పంటినొప్పిగా పొరబడి పళ్లు పీకించుకున్నవారూ ఉన్నారు. అసలు కారణం చెవి దిగువన, పుర్రె అడుగునుంచి సూదిలా కిందికి దిగే స్టైలాయిడ్ ఎముక. దీని పొడవు సాధారణంగా రెండున్నర సెంటీమీటర్లు, 3 సెం.మీ. దాటితే పెరిగినట్లు లెక్క. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యుడు వాట్ ఈగల్ 1937లో ఈ వ్యాధిని వివరించారు.

ఎముక పొడవుగా ఉన్నవారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు. కనుక స్కాన్ ఒక్కటే చూసి శస్త్రచికిత్సకు తొందరపడటం సరికాదు. టాన్సిల్ ఉండేచోట వేలితో నొక్కితే అదే నొప్పి రావడం, అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇస్తే తగ్గడం ముఖ్యమైన ఆధారాలు. ఎముక పొడవు, వంపు త్రీడీ సీటీ స్కాన్‌లో తెలుస్తాయి.

మందులతో తగ్గనివారికి పెరిగిన ఎముకను కత్తిరించి తొలగిస్తారు. నోటిద్వారా చేస్తే బయటికి మచ్చ కనిపించదు. అయితే చోటు ఇరుకు. మెడ లోతుల్లో ఇన్‌ఫెక్షన్ భయముంటుంది. మెడపై కోత పెడితే రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తాయి గానీ మచ్చ మిగులుతుంది, కింది పెదవిని కదిలించే నరానికి దెబ్బ తగలవచ్చు. ఎముక మెదడుకు వెళ్లే కెరోటిడ్ ధమనిని ఒత్తితే కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, అరుదుగా పక్షవాతం సంభవిస్తాయి. అలాంటివారు జాప్యం చేయరాదు.

నగరంలో చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రి కోఠిలో ఉంది.