ఏడీహెచ్‌డీ మందు: ఆకలి, నిద్ర, రోజా... ‘పనిచేయడం లేదు’ అనుకునే ముందు

ఏడీహెచ్‌డీ అంటే చిన్నపిల్లల అల్లరి అని కొట్టిపారేసే రోజులు పోయాయి. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు కూడా సైకియాట్రిస్టు దగ్గర పరీక్ష చేయించుకుని మందు వాడుతున్నారు. మన దేశంలో ఎక్కువగా రాసే స్టిమ్యులెంట్ మిథైల్‌ఫెనిడేట్. అమెరికాలోని బంధువులు చెప్పే అడెరాల్ ఇక్కడ దొరకదు. మెదడులో డోపమిన్, నార్‌అడ్రినలిన్ త్వరగా వెనక్కి పీల్చుకుపోకుండా మిథైల్‌ఫెనిడేట్ ఆపుతుంది, దాంతో ధ్యాస నిలుస్తుంది. మామూలు మాత్ర ప్రభావం 3, 4 గంటలు. నెమ్మదిగా విడుదలయ్యే రకాలది 8 నుంచి 12 గంటలు. ఈ రెండో రకాన్ని నలపకూడదు, నమలకూడదు.

ముందుగా దెబ్బ తగిలేది ఆకలికి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికొస్తుంది. అందుకే మాత్రకు ముందే గట్టిగా నాష్తా చేయాలి, రాత్రి మందు దిగాక కడుపునిండా తినాలి. పిల్లలకైతే బరువు, ఎత్తు క్రమంగా రాసుకోవాలి. నోరు ఎండిపోవడం, తలనొప్పి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం కూడా ఉంటాయి. మాత్ర వేసుకుని పైన మూడు కప్పుల ఇరానీ చాయ్ తాగి, గుండె దడదడలాడుతోందని భయపడితే తప్పు మాత్రది ఒక్కదానిదే కాదు. డోసు మార్చినప్పుడల్లా బీపీ, నాడి చూపించుకోవాలి. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, లేనివి కనిపించినా వినిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక అందరూ అడిగేది: ‘మొదట్లో బాగా పనిచేసింది, ఇప్పుడు లేదు. ఒంటికి అలవాటైపోయిందా?’ మొదటి రోజుల్లో ఒక హుషారు వస్తుంది. అది కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. అసలు పని, అంటే ధ్యాస నిలవడం, దాంతోపాటే పోయిందని కాదు. చాలామంది హుషారునే మందు గుణం అనుకుని డోసు పెంచమంటారు. అయితే ఒక్క రోజులోనే జరిగే అలవాటు మాత్రం నిజం. రక్తంలో మందు ఒకే స్థాయిలో ఉంటే పొద్దుగడిచేకొద్దీ ప్రభావం తగ్గుతుంది. అందుకే 2000లో అమెరికాలో అనుమతి పొందిన కాన్సర్టా మాత్రను, సాయంత్రం వైపు మందు కాస్త ఎక్కువగా వదిలేలా తయారు చేశారు. నెలల తర్వాత నిజంగానే పట్టు తగ్గేవాళ్లూ ఉన్నారు. కానీ డోసు పెంచే ముందు నిద్ర, తిండి, మర్చిపోయిన మాత్రలు, కొత్త టెన్షన్లు, డిప్రెషన్, పిల్లలైతే పెరిగిన బరువు, ఇవన్నీ డాక్టరుతో కూర్చుని లెక్క చూడాలి. మధ్యమధ్యలో మందు ఆపి చూడటం కూడా ఒక పద్ధతే. సొంతంగా మాత్రం వద్దు.

రమజాన్‌లో ఈ లెక్కంతా మారిపోతుంది. 12 గంటల మాత్రను సహరీలో నాలుగున్నరకు వేసుకుంటే సాయంత్రం నాలుగున్నరకు దిగిపోతుంది. మందు దిగేటప్పుడు వచ్చే చిరాకు, ఆకలి, దాహం మూడూ కలిసి ఇఫ్తార్‌కు ముందు ఇంట్లో గొడవలవుతాయి. ‘రోజా పెట్టి కోపమేంటి’ అని అమ్మీ మందలిస్తుంది, పాపం ఆమెకేం తెలుసు! రెండు పూటల మామూలు మాత్ర వాడేవాళ్లకు రెండోది రోజాలో పడుతుంది. ఇఫ్తార్ తర్వాత వేసుకుంటే తరావీహ్ బాగానే గడుస్తుందేమో, నిద్ర పోతుంది. కాబట్టి షాబాన్‌లోనే డాక్టరును కలవాలి. రోగికి రోజా వదిలి తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఖుర్‌ఆన్‌లోనే ఉంది, తమ విషయం ఎలాగో ఆలిమ్‌ను అడగాలి. మిథైల్‌ఫెనిడేట్ ఏ రోజుకారోజు పనిచేసేది, ఒంట్లో పేరుకోదు. ఒక పూట తప్పితే ఆ రోజు ధ్యాస చెదురుతుంది, బండి నడిపేవాళ్లు జాగ్రత్త. ఆటమాక్సెటిన్ అలా కాదు. అది స్టిమ్యులెంట్ కాదు, వారాల తరబడి రోజూ వేసుకుంటేనే పట్టు దొరుకుతుంది.

ఉమ్రాకో, గల్ఫ్ ఉద్యోగానికో వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఇక్కడ మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. సౌదీ, యూఏఈలలో కూడా ఇది నియంత్రిత మందే. డాక్టరు చీటీ, మందు అసలు డబ్బా దగ్గర పెట్టుకుని, ఆ దేశ అధికారుల అనుమతి ముందే తీసుకున్నాకే సూట్‌కేసు సర్దాలి.