చిత్రాంగి మేడ నుంచి వెండితెర దాకా

సారంగధర కథ తెలియని ఊరు ఒకప్పుడు సీమలో లేదు. పావురం కోసం సవతి తల్లి మేడకు వెళ్లిన రాకుమారుడు, అతని మీద చిత్రాంగి మోహం, కాదన్నందుకు ఆమె వేసిన నింద, ముందూ వెనకా చూడని రాజరాజనరేంద్రుడి తీర్పు, చివరికి కాళ్లూ చేతులూ నరికించుకున్న కొడుకు. ఏ ఘట్టం తర్వాత ఏది వస్తుందో అందరికీ తెలుసు. అయినా నాటకం పడుతుందంటే పొద్దుగూకేసరికి జనం చాపలతో చేరేవారు. అలాంటి నాటకం బొమ్మగా వస్తోందంటే మాత్రం మూడు అనుమానాలు మొదలయ్యేవి. వేషం ఎవరు కడుతున్నారు? పద్యాలు ఉంచారా, కోశారా? అసలైన దుఃఖం ఉందా, నీరుగార్చారా? చీకటి నిండిన మన సంగీత నాటకాలు తెరకెక్కిన చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల వెంట నడిచిందే. అందులో చిత్తూరు, తిరుపతి ప్రాంతం వాటా తక్కువేమీ కాదు.

కథ పాతది. 15వ శతాబ్దంలో గౌరన నవనాథ చరిత్రలో చెప్పాడు. 17వ శతాబ్దంలో తంజావూరు కొలువులో చేమకూర వెంకటకవి కావ్యం చేశాడు. 1883లో గురజాడ అప్పారావు ఇంగ్లీషులో పద్యకావ్యంగా రాశారు. నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడికి సారంగధరుడనే కొడుకు ఉన్నట్టు చరిత్రలో ఆధారం లేదు. జనం ఆ లోటును లెక్కచేయలేదు. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్టను చూపించి ఇక్కడే నరికారని చెప్పుకున్నారు. పాత కథలో సిద్ధుడొకడు వచ్చి తెగిన అవయవాలను మళ్లీ అతికిస్తాడు. ఆ ఓదార్పును పక్కనబెట్టి ఏడుపును ఏడుపుగానే మిగిల్చినవాడు ఉమ్మడి అనంతపురం జిల్లా ధర్మవరంలో పుట్టి బళ్లారిలో వకీలు వృత్తి చేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. మంగళాంతం తప్పదన్న సంస్కృత నాటక సంప్రదాయాన్ని దాటిన ఆయన ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు.

ఆ కాలమే అలాంటిది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్లు తిరిగి మనవాళ్లలో కొత్త ఉత్సాహం రేపింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో సురభి నాటక కుటుంబం ప్రయాణం మొదలైంది. 1887లో బళ్లారిలో రామకృష్ణమాచార్యుల ‘చిత్రనళీయం’ రంగమెక్కింది. సరసవినోదిని సభ ఆయన చేతులమీదుగా నిలబడింది. పాత్రలే రాగం కట్టి పద్యాలు, పాటలు పాడే పద్ధతికి ఆయన బాట వేశారు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలతో పోటీకి నిలిచారు. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ ఈ రెండు పాయలనూ తాగి పెరిగిన నటుడు.

ఇక చిత్తూరు సీమకు రాత్రంతా మేలుకొని దుఃఖాన్ని వినడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం తిరునాళ్లే ఆ పాఠశాల. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. పద్దెనిమిది రోజుల పర్వాల లెక్కలో సాగే ఆ ఉత్సవంలో అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ తపసు మాను ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడతారు. చివరి రోజు మట్టితో పోసిన భారీ దుర్యోధనుడి తొడ విరుగుతుంది, ద్రౌపది జుట్టు ముడుస్తుంది, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. నెత్తురూ శపథమూ పాటలో కలిసి రావడం ఇక్కడివాళ్లకు భక్తిలో భాగం.

ఈ నేల మీదే రామవిలాస సభ చిత్తూరు పట్టణానికి నాటకాల పేరు తెచ్చింది. ఉమ్మడి గుంటూరు జిల్లా రేపల్లెలో 1904లో పుట్టిన ఉప్పలదడియం నాగయ్య ఆ సభలో ‘సారంగధర’, ‘విప్రనారాయణ’ వంటి నాటకాలతో మెప్పు పొందారు. పుట్టింది ఎక్కడైనా పాడిన ఊరే ఇంటిపేరుగా నిలిచింది. తెలుగువాళ్లందరికీ ఆయన చిత్తూరు నాగయ్యే.

1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం రామకృష్ణమాచార్యుల నాటకమే. లీలావతిగా సురభి కమలాబాయి. దర్శకుడు హెచ్‌.ఎం.రెడ్డి. కన్నకొడుకును తండ్రే చంపించబోయే కథతో మన సినిమా నోరు విప్పింది. అప్పట్లో నేపథ్యగానం లేదు. కెమెరా తిరుగుతుండగానే నటుడు పాడాలి. కాబట్టి నిర్మాతలు నాటక సమాజాల గడప తొక్కక తప్పలేదు. 1935 ‘హరిశ్చంద్ర’లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ అలా వచ్చినవారే. ఊళ్లలో కాటి సీను కోసమే కళ్లు కాయలు కాసేలా కూర్చునే ప్రేక్షకుడు, అదే గొంతు తెర మీద వినబోతున్నానని టిక్కెట్టు కొన్నాడు.

ఆ నిరీక్షణ ఎంత వేడిగా ఉండేదో 1936 చెబుతుంది. ఒకే ఏడాది ద్రౌపది కథ రెండు బొమ్మలుగా పోటీకి దిగింది. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో కన్నాంబ ద్రౌపది, సి.ఎస్‌.ఆర్‌. కృష్ణుడు, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో బళ్లారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు. గెలిచింది మొదటిది. రాఘవ ఓడిపోవడం సామాన్యమైన విషయం కాదు. ఆయన రాగాలు సాగదీయడాన్ని నిరసించి, భావం పలికేలా పద్యం చెప్పాలన్న నటుడు. ఓటమికి కారణాలు ఇంకా ఉండవచ్చు గానీ, తెర ముందు కూర్చున్న జనం అప్పటికింకా పద్యాన్ని చెవులతో చూస్తున్నారన్నది నా లెక్క.

1937లో పి.పుల్లయ్య దర్శకత్వంలో ‘సారంగధర’ వచ్చింది. బందా, అద్దంకి, ప్రొద్దుటూరు బిడ్డ శాంతకుమారి అందులో ఉన్నారు. అంతకు ముందు ఏడాదే తమిళంలో త్యాగరాజ భాగవతార్‌తో ‘నవీన సారంగధర’ వచ్చింది. రెండు భాషలూ వినే చిత్తూరు సరిహద్దు ప్రేక్షకుడికి పోల్చి చూసుకునే అవకాశం దక్కింది. 1938లో సోమరాజు రామానుజరావు నాటకం ‘రంగూన్‌ రౌడీ’ ‘గృహలక్ష్మి’గా మారి నాగయ్యను తెరకు పరిచయం చేసింది. పేరు మార్పులోనే సినిమావాళ్ల జంకు కనిపిస్తుంది. నాటకం కట్టిన ముళ్ల కిరీటాన్ని తీసి పూలదండ వేశారు. ఆ తర్వాత ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) చిత్రాల్లో నాగయ్య గొంతు చిత్తూరు రంగస్థలాన్ని తెలుగునాడంతటికీ వినిపించింది.

నేపథ్యగానం స్థిరపడ్డాక ఎదురుచూపు రంగు మారింది. పాడలేనివాడు కూడా రాజు కాగలిగాడు. అభిమాని గొంతును విడిచి ముఖం వెంట నడిచాడు. 1956లో కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని భరణి సంస్థ తీసింది. 1957 ‘సారంగధర’లో ఎన్‌.టి.రామారావు, భానుమతి, ఎస్‌.వి.రంగారావు నటించగా ఘంటసాల సంగీతం చేశారు. చిత్రాంగి భానుమతి తన పాటలు తానే పాడుకున్నారు. 1937 చిత్రంలో ఉన్న శాంతకుమారి ఇందులోనూ ఉన్నారు. పాత నాటకం ఇచ్చిన పాడే నటి అనే వరం ఆ ఇద్దరితో ఇంకొంత కాలం నిలిచింది. హరిశ్చంద్రుడు 1956లో రంగారావుగా, 1965లో రామారావుగా మళ్లీ కాటికి వెళ్లాడు. ప్రతిసారీ ప్రేక్షకుడు తన ఊరి కాటి సీనును కొలబద్దగా వెంట తీసుకెళ్లాడు.

ఈ బెంగ మన ఒక్కరికే లేదు. అమెరికాలో 1979లో రంగమెక్కిన ‘స్వీనీ టాడ్‌’ గొంతులు కోసే మంగలి కథ, అదీ ఆద్యంతం పాటలతో. 2007లో టిమ్‌ బర్టన్‌ సినిమా చేసినప్పుడు నాటకానికి ఆయువుపట్టైన బృందగానం తెర మీద వినిపించలేదు. 2003 నాటి సంగీత నాటకం ‘వికెడ్‌’ సినిమాగా రావడం కోసం అభిమానులు 2024 దాకా ఆగారు. అక్కడా అడిగింది మనవాళ్లు అడిగిన మూడు ప్రశ్నలే.

లెక్క తేల్చుకుంటే, తెలుగు సినిమా నాటకం నుంచి నటులను తీసుకుంది, పద్యాన్ని తీసుకుంది, చాలాకాలం వాటి మీదే బతికింది. కన్నీటిని మాత్రం తూకం వేసి తీసుకుంది. వేదిక మీద వన్స్‌ మోర్‌ అంటే నటుడు మళ్లీ పాడేవాడు, దుఃఖం రెట్టింపయ్యేది. రీలుకు ఆ వెసులుబాటు లేదు. నాటకానికి ఇప్పుడు ఇంకో రకం గండాలున్నాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనలను నిషేధించింది. తెర మీదకు వెళ్లడం మాట అటుంచి, వేదిక మీద ఉండటమే ప్రశ్న అయింది.

అందుకే నేటి దర్శకులకు ఒక విన్నపం. కోట్లు పెట్టి కొత్త చీకటి కథలను వెతుకుతున్నారు. ‘విషాద సారంగధర’ను ఒకసారి చదవండి. సిద్ధుణ్ణి పిలవకుండా, పద్యాలు కోయకుండా, పాడగలిగిన నటులతో తీయండి. చిత్తూరు జిల్లా భారతం వేదికల మీద అలాంటి గొంతులు ఇంకా ఉన్నాయి. వేసవిలో వచ్చి ఒక రాత్రి తెల్లవార్లూ కూర్చుని వినండి. చూసేవాళ్లు ఉంటారా అన్న అనుమానం అక్కర్లేదు. తొంభై ఏళ్ల కిందట ఒకే ద్రౌపది కోసం రెండు బొమ్మలను పోటీకి నిలబెట్టిన ప్రేక్షకులు మనవాళ్లు.