మేస్త్రి పరీక్ష పేరు మాస్టర్‌పీస్

‘మాయాబజార్’ కె.వి.రెడ్డి మాస్టర్‌పీస్ అంటాం. చెయ్యి పూర్తిగా తిరిగినవాడికి ఎప్పుడో ఒక్కసారి కుదిరే పని అని మన లెక్క. మాట పుట్టినచోట సంగతి వేరు. అక్కడది సొంత కొట్టు తెరవబోయే కుర్రవాడు నెగ్గాల్సిన పరీక్ష.

మధ్యయుగాల ఐరోపా పట్టణాల్లో వృత్తిపనులవాళ్లకు శ్రేణులుండేవి. పిల్లవాడు ఒక మేస్త్రి దగ్గర కొన్నేళ్లు శిష్యరికం చెయ్యాలి. తర్వాత జీతానికి కుదరాలి, చాలాచోట్ల ఊళ్లు పట్టుకు తిరగాలి. ఆపైన తనూ మేస్త్రినవుతానంటే, ఒక వస్తువు స్వయంగా చేసి పెద్దల ముందు పెట్టాలి. జర్మన్లు దాన్ని ‘మైస్టర్‌స్ట్యుక్’ అన్నారు. 1600 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు ఆ పోలికలోనే మాస్టర్‌పీస్ చేసుకున్నారు. (మన మేస్త్రీ పరాయివాడు కాదు. పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చాడు. మాస్టరూ అతనూ ఒకే లాటిన్ మాట సంతానం.)

న్యూరెంబర్గ్ కంసాలుల పరీక్ష గట్టిది. 16వ శతాబ్దంలో అక్కడ మూడు వస్తువులు అడిగేవారు: రాయి పొదిగిన ఉంగరం, చెక్కిన ముద్ర, అకిలేజియా పువ్వు ఆకారంలో వెండి పాత్ర. మూడోదే గండం. వెండి రేకును సుత్తితో కొడుతూ పాత్ర చుట్టూ ఉబ్బులు లేపాలి. దెబ్బలకు వెండి బిరుసెక్కుతుంది; మళ్లీ కాల్చి మెత్తబరచాలి. ఏమరితే రేకు పగులుతుంది. ఉబ్బులన్నీ ఒకే తీరుగా రావాలి. సొంత ఊహకు పెద్దగా చోటు లేదు, ఎదురుగా మాదిరి ఉంటుంది! అలాంటి పాత్ర ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అందరికీ పరీక్ష ఒకటే అనుకోనక్కర్లేదు. మేస్త్రి కొడుక్కి, మేస్త్రి విధవను పెళ్లాడినవాడికి చాలాచోట్ల సడలింపులు. బయటివాడికి రుసుములు, పైగా పెద్దలకు విందు ఖర్చు. పనితనం కొలవడం ఎంతో, పోటీని గుమ్మం బయట నిలబెట్టడమూ అంతే. విప్లవం వచ్చాక ఫ్రాన్సు 1791లో శ్రేణులనే ఎత్తేసింది.

ఇంగ్లీషులో మాస్టర్‌పీస్ అన్న మాటకు కార్ఖానా వాసన తొందరగానే వదిలింది. బొమ్మలకూ పుస్తకాలకూ బిరుదైపోయింది. జర్మనీలో ఇంకా వదల్లేదు. అక్కడ మేస్త్రి కాదలచిన వడ్రంగి ఇప్పటికీ ఏ బీరువాకో నమూనా గీసి, ఖర్చు లెక్కగట్టి, స్వయంగా చేసి చూపిస్తాడు. నెగ్గితే ‘మైస్టర్’ అని పిలిపించుకోవచ్చు, శిష్యుల్ని చేర్చుకోవచ్చు.