పదవీ విరమణ తేదీ ఎలా లెక్కించాలి? ఒకటో తేదీన పుట్టినవారు గమనించండి

కవరైపేట్టైలో మన ఇళ్లలో ఒకరు తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే, ఇంకొకరు రైల్వేలో ఉంటారు. సరిహద్దు అవతల సూళ్లూరుపేటలోనో నెల్లూరులోనో ఉన్న బంధువు ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగి అయివుంటారు. ఎవరు ఎప్పుడు రిటైరవుతారో వేళ్ల మీద లెక్కవేసి, దాన్నిబట్టి పెళ్లిళ్లు, ఇంటి లోన్లు పెట్టుకుంటాం. అందులో ఒక్కరోజు పొరబడినా ఒక నెల జీతం లెక్క తప్పుతుంది.

ముందుగా వయసు. తమిళనాడులో 58గా ఉన్న వయసును 2020 మేలో 59కి, 2021లో 60కి పెంచారు. రైల్వేతో సహా కేంద్ర ఉద్యోగులకు సాధారణంగా 60. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి 62. తెలంగాణలో 2021 నుంచి 61.

ఇక తేదీ. ఆ వయసు నిండిన నెల ఆఖరి రోజున విరమణ. కానీ ఒకటో తేదీన పుట్టినవారికి అంతకు ముందు నెల ఆఖరి రోజే. 1966 జూన్ 15న పుట్టిన తమిళనాడు ఉద్యోగికి 2026 జూన్ 30; జూన్ 1న పుట్టినవారికి మే 31. బడిలో చేర్చేటప్పుడు జూన్ 1 అని రాయించిన పెద్దలు మనలో తక్కువేమీ కాదు.

ఎక్సెల్‌లో రెండు సందర్భాలకూ ఒకటే సూత్రం సరిపోతుంది. పుట్టినతేదీ బి2 గడిలో ఉంటే, పక్క గడిలో =ఈఓమంత్(బి2-1,720) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. 720 అంటే 60 ఏళ్ల నెలలు. 61కి 732, 62కి 744 వేసుకోవాలి. ఒకరోజు తీసేయడం వల్లే ఒకటో తేదీవారి లెక్క ముందు నెలకు వెళ్తుంది.

జవాబు 46173 లాంటి అంకెగా కనిపిస్తే తప్పు కాదు, ఆ గడిని తేదీ రూపానికి మార్చితే 2026 మే 31 అని వస్తుంది. 5/6/1966 అని కొడితే కొన్ని కంప్యూటర్లు మే 6గా తీసుకుంటాయి. నెల పేరు అక్షరాల్లో వచ్చేలా చూసుకుంటే ఆ పొరపాటు బయటపడుతుంది.

చివరిగా, చెల్లేది సర్వీసు రిజిస్టరులోని పుట్టినతేదీయే, జాతకంలోది కాదు. మన లెక్కను ఆఫీసు లెక్కతో ఒకసారి సరిచూసుకుని, ఆ తర్వాతే ముహూర్తాలు పెట్టుకుందాం.