తీరు, తీర్చు, తీరిక

తెలుగువాడి అప్పుల మాటల్లో ఎక్కువ భాగం బయటినుంచి వచ్చినవే. రుణం సంస్కృతం. వడ్డీ కూడా సంస్కృతంలోని ‘వృద్ధి’యే, ప్రాకృతం మీదుగా నలిగి మనదాకా వచ్చింది. బాకీ, అసలు, జమ, ఖర్చు, వసూలు, జామీను అరబ్బీ ఫారసీ మాటలు, దివాణాల లెక్కల్లోంచి ఊళ్ళలోకి దిగినవి. నోటు, లోను, ఈఎంఐ ఇంగ్లీషువి. ఏలినవాళ్ళు మారినప్పుడల్లా అప్పుకు కొత్త పేరొచ్చింది. అప్పును వదిలించుకునే క్రియ మాత్రం మారలేదు. రుణమైనా, బాకీ అయినా, లోనైనా ‘తీర్చ’వలసిందే.

తీరు ద్రావిడ ధాతువు. తమిళంలో తీర్, మలయాళంలో తీరుక, కన్నడంలోనూ తీరు. అప్పును తమిళులు కడన్ అంటారు, కన్నడిగులు సాల అంటారు, మనం అప్పు అంటాం. పేరు దగ్గర విడిపోయినవాళ్ళం తీర్చే దగ్గర మళ్ళీ కలుస్తాం. కన్నడంలో ‘సాల తీరిసు’ అని విన్న తెలుగువాడికి అర్థం చెప్పేవాడు అక్కర్లేదు. సంస్కృతంలో తీరం అనే మాట ఉంది గనుక, అప్పు తీరడమంటే ఒడ్డు చేరడమని అందంగా చెప్పాలని చాలామందికి అనిపిస్తుంది. నాకా దారి నచ్చదు. ఒడ్డే కావాలంటే మనకు ‘గట్టెక్కడం’ అనే సొంత మాట ఉంది. తీరుకు ఒడ్డుతో పనిలేదు. అయిపోవడం, ముగియడం, ఉన్న వెలితి పూడిపోవడం దాని అర్థం.

తెలుగులో ఇంకా ఏమేం తీరుతాయో చూడండి. ఆకలి తీరుతుంది, దప్పిక తీరుతుంది, బడలిక తీరుతుంది. కోరిక, మోజు, ముచ్చట తీరుతాయి. మొక్కు తీరుతుంది, పగ తీరుతుంది, సందేహం తీరుతుంది. ఇవన్నీ ఒంట్లోనో మనసులోనో ఉండి మనిషిని నిలవనివ్వనివి. మన భాష అప్పును కూడా వీటి పక్కనే కూర్చోబెట్టింది, డబ్బు లెక్కగా విడిగా చూడలేదు. అప్పుల్లో ఉన్న ఇంట్లో అన్నం ముందు కూర్చున్నవాడి ముఖం చూసినవాళ్ళకు ఇది సరైన చోటేనని తెలుస్తుంది.

ఇద్దరి తగవు తీర్చేవాడు చెప్పేది తీర్పు. సభ చర్చించి ముగించేది తీర్మానం. రైతు కాలవ నీటికి కట్టేది నీటి తీరువా. పనులన్నీ తీరాక మిగిలేది తీరిక, తీరుబడి. ఈ కుటుంబంలో నన్ను ఎక్కువసేపు ఆపే మాట ఈ తీరికే. అప్పు తీరడమూ మనిషికి తీరిక చిక్కడమూ ఒకే ధాతువులోంచి పుట్టాయి. చేతిలో పనిలేకుండా అరుగుమీద కూర్చున్నా అప్పున్నవాడికి తీరిక ఉండదు. ఫోను మోగితే ఎవరిదోనని ముందు పేరు చూసుకుంటాడు. చుట్టం గుమ్మంలోకి వస్తే ఎందుకొచ్చాడోనని ఆలోచిస్తాడు. జీతం పెరిగినా తీరిక పెరగని ఇళ్ళు నాకు చాలా తెలుసు. కారణం ఒక్కటే, వచ్చిన పెంపుదల అంతా వడ్డీకి పోతోంది.

ఈ క్రియ వాడకంలో ఒక సున్నితమైన తేడా ఉంది. కోరిక, మోజు, పగ ఇలాంటివి ‘తీర్చుకుంటాం’. అవి మన కోసం చేసే పనులు గనుక ‘కొను’ వచ్చి చేరుతుంది. షావుకారు అప్పు మాత్రం ‘తీరుస్తాం’. తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మారుతుంది: అమ్మ రుణం తీర్చుకోవాలంటాం. ‘అమ్మ అప్పు’ అని ఎవరూ అనరు. దేవ రుణం, రుషి రుణం, పితృ రుణం అని మూడింటిని చెప్పిన వైదిక సంప్రదాయం నుంచి ఆ మాటకు ఒక మర్యాద అంటుకుంది. ఇవాళ బ్యాంకులు గృహ రుణం, వ్యక్తిగత రుణం అని బోర్డుల మీద రాసుకునేది ఆ మర్యాదగల మాటనే. బోర్డు మీద ఎలా ఉన్నా ఇంటి పద్దు పుస్తకంలో ‘అప్పు’ అనే రాయాలని నా పట్టుదల. ఆ రెండక్షరాల్లో ఉన్న బరువు దాచకూడదు.

అప్పుచేసి పప్పుకూడు అన్నది మన సామెత. 1959లో ఎల్.వి. ప్రసాద్ ఆ పేరుతో సినిమా కూడా తీశారు. ఆ సామెతలో చేయడం ఉంది, తినడం ఉంది, తీర్చడం లేదు. సామెత వదిలేసిన మూడో క్రియ దగ్గరే సంసారాలు చిక్కుకుంటాయి.

ఇప్పుడు మనం ఆ క్రియను వాడటం కూడా తగ్గించేశాం. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళ మాటలు వినండి. “వదినా, ఆ ఇంటి లోను తీరిందా?” “ఎక్కడమ్మా, కడుతూనే ఉన్నాం.” ఈ జవాబులో ఉన్న వివేకం ఏ ఆర్థిక సలహాదారు మాటల్లోనూ నాకు కనబడలేదు. కట్టడం వేరు, తీరడం వేరు. ఫీజు కడతాం, పన్ను కడతాం, వడ్డీ కడతాం, వాయిదా కడతాం. తీరేది అసలు మాత్రమే. ‘వడ్డీ తీరింది’ అని మనం సాధారణంగా అనం. వడ్డీ ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టేది గనుక.

లెక్క చూస్తే ఆ వదిన మాట ఎంత నిజమో తెలుస్తుంది. 30 లక్షల గృహ రుణం, ఏటా 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 26,992 రూపాయలు. మొదటి నెల అందులో 22,500 వడ్డీకే పోతుంది. అయిదేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టాక మొత్తం కట్టింది 16 లక్షల 19 వేలు దాటుతుంది. తీరిన అసలు దాదాపు 3 లక్షల 39 వేలు. ఇంటాయన “పదహారు లక్షలు కట్టాం” అని నిట్టూరుస్తాడు, బ్యాంకు “ఇంకా ఇరవయ్యారున్నర పైనే ఉంది” అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్ళ క్రియలే వేరు. అందుకే తొలి ఏళ్ళలో బోనసో, పంట డబ్బో చేతికందినప్పుడు అసలులో వేయడం అన్నిటికన్నా లాభం. వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ గృహ రుణాలను ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

వాయిదా మాటకు కూడా ఒక చరిత్ర ఉంది. అరబ్బీలో అది మాట ఇవ్వడం, వాగ్దానం. మన దగ్గరికొచ్చాక రెండు పనులు చేస్తోంది. వాయిదా కట్టడమంటే ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, వాయిదా వేయడమంటే దాటవేయడం. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం అని ఒక అంకె ఉంటుంది. అది కట్టినవాడు వాయిదా కట్టాననుకుంటాడు. నిజానికి అతను అప్పును వాయిదా వేశాడు.

వడ్డీని మనం కొలిచే పద్ధతి కూడా చాలా పాతది. నూటికి నెలకు ఇంత అనడం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధర్మమైన వడ్డీ నూరు పణాలకు నెలకు పణంపావు. వ్యాపారానికి అయిదు, అడవుల్లో తిరిగే వర్తకులకు పది, సముద్రం మీద వెళ్ళేవాళ్ళకు ఇరవై. రెండువేల ఏళ్ళ తరవాతా ఊళ్ళో లెక్క అదే: రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, అయిదు రూపాయల వడ్డీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తరవాత మహిళా సంఘాలకు వచ్చిన ‘పావలా వడ్డీ’ పేరుకూ ఇదే లెక్క. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. రెండు రూపాయలంటే చెవికి చిన్నది, ఏడాదికి 24 శాతం. పది రూపాయలంటే 120 శాతం. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం పడుతుందంటే నగరంలో ఉద్యోగి చలించడు. అదే ‘మూడున్నర రూపాయల వడ్డీ’ అని తెనిగించి చెప్పండి, వాళ్ళ నాన్న అదిరిపడతాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. ఏ అప్పునైనా ఒకసారి పల్లె లెక్కలోకి, ఒకసారి ఏడాది శాతంలోకి మార్చి రాసుకుంటే ఏది ముందు తీర్చాలో దానంతటదే తేలుతుంది. ఎక్కువ వడ్డీది ముందు. చిన్న అప్పులు ముందు తీర్చేస్తే మనసు తేలిక పడుతుందన్న మాట నేనూ విన్నాను, అందులో కొంత నిజముంది కూడా. అయినా అయిదు రూపాయల వడ్డీని పక్కన పెట్టి రూపాయి వడ్డీని తీర్చడం నాకు సమ్మతం కాదు.

రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష చూద్దాం. నెలకు 2,000 కడితే అది పదేళ్ళైనా లక్షగానే ఉంటుంది. కడుతున్నాం, తీరడం లేదు. 2,500 కట్టి, పైన ఇచ్చిందాన్ని అసలులో జమ చేయించుకుంటే ఆరేళ్ళ తొమ్మిది నెలలు దాటాక తీరుతుంది. 3,000 అయితే 56 నెలలు. 4,000 అయితే దాదాపు 35 నెలలు. మొదటి రెండువేలు ఎంత కష్టపడి తెచ్చినా అప్పును కదిలించలేదు. ఆ పైన వేసే ప్రతి వందా దాన్ని తీరుస్తుంది.

పల్లెల్లో చిక్కు ఏమిటంటే, అప్పిచ్చినవాడు కొంచెం కొంచెంగా అసలు తీసుకోవడానికి ఇష్టపడడు. అడగాలి, ఇచ్చిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. నోటుకు మూడేళ్ళ కాలపరిమితి. గడువు దగ్గరపడ్డప్పుడు వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తారు. ఆ ఒక్క సంతకంతో బారువడ్డీ చక్రవడ్డీ అవుతుంది. లక్ష, రెండు రూపాయల వడ్డీ, మూడేళ్ళకు 72 వేలు. కొత్త నోటు లక్షా డెబ్భైరెండు వేలు. అక్కడినుంచి నెల వడ్డీ 3,440. తిరగరాసిన అప్పు మారిందే గాని తీరలేదు. నగలు కుదువబెట్టి బ్యాంకులో తెచ్చి షావుకారుకు ఇచ్చినా అంతే, అది అప్పు మార్చడం. మార్చడం తప్పు కాదు, రూపాయి లోపు వడ్డీకి దొరికితే మంచి పనే. మిగిలిన వడ్డీ డబ్బును ప్రతి నెలా అసలులో వేసినప్పుడే ఆ మార్పు తీర్చడం వైపు నడుస్తుంది.

అందుకే ఇంటి పద్దు పుస్తకంలో ప్రతి అప్పు కిందా రెండు గళ్ళు గీయమంటాను: కట్టినది, తీరినది. నెలాఖరున మొగుడూ పెళ్ళాం కలిసి కూర్చుని రెండో గడి నింపాలి. అందులో సున్నా పడిన నెల ఆ అప్పు విషయంలో ఏమీ జరగనట్టే.

రెండో గడిలోకి వేసే డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఇక్కడ తీరు అనే నామవాచకం పనికొస్తుంది, ఖర్చు తీరు. పాలు, కూరగాయల మీద కోత వేస్తే వచ్చేది తక్కువ, ఇంట్లో చిరాకు ఎక్కువ. మధ్యతరగతి ఇంటిని చేబదులుకు పంపేవి చాలావరకు ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. జూన్‌లో బడి ఫీజులు, మాఘంలో పెళ్ళిళ్ళ చదివింపులు, సంక్రాంతి బట్టలు, బీమా ప్రీమియం. జూన్‌లో ఫీజు వస్తుందని జనవరికే తెలుసు. అయినా నెలవారీ లెక్కలో దానికి చోటుండదు. ఏడాది ఖర్చులన్నీ కూడి పన్నెండుతో భాగించి ఆ మొత్తాన్ని నెల ఖర్చుగా రాసి పక్కన పెట్టిన ఇంట్లో కొత్త అప్పు పుట్టడం ముందు ఆగుతుంది. పాతది తీర్చే మాట తరవాత.

‘కట్టి తీరతాను’ అంటాం, ‘కట్టక తీరదు’ అంటాం. ముగింపును చెప్పే క్రియే ఇక్కడ పట్టుదల అయింది, తప్పనిసరి అయింది. తీర్చేవాడి పట్టుదల ఒక్కటే సరిపోదని మన పాత ధర్మశాస్త్రాలకూ తెలుసు. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదన్న నియమం మనుస్మృతిలో ఉంది. సూక్ష్మరుణ సంస్థల వేధింపులతో పల్లెలు కుంగిపోయిన 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది చట్టమైన ఆ నిబంధనల్లో, వసూలు చేసే వడ్డీ అసలును మించరాదన్నదీ ఉంది. ఏ అప్పైనా ఎక్కడో ఒకచోట తీరిపోవాలనే ఆ రెండూ చెప్పాయి.

ఆఖరి రూపాయి ఇచ్చిన రోజున చేయవలసిన పనులు రాసి ముగిస్తాను. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. ‘తరవాత ఇస్తాలే’ అంటే ఒప్పుకోకండి, కనీసం పూర్తిగా ముట్టిందని సంతకం చేయించుకోండి. బ్యాంకు దగ్గర బాకీ లేదన్న పత్రం అడగండి. మీ సిబిల్ నివేదికలో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని ఉందో ‘సెటిల్డ్’ అని ఉందో చూసుకోండి. సెటిల్డ్ అంటే రాజీ మీద తక్కువ కట్టారని అర్థం, కొత్త అప్పు అడిగినప్పుడు అది అడ్డం వస్తుంది. ఆస్తి కాగితాలు పెట్టి తెచ్చిన అప్పైతే, పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకే మీకు పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది రిజర్వు బ్యాంకు నియమం.